పసుపుపచ్చ బండియు మన ప్రతిజ్ఞయు

అమెరికాలో కుమారుని యింట ఆరు మాసములుండి తిరిగివచ్చిన యొక పెద్దమనిషి మొన్నటి సాయంకాలము విశాఖపట్టణమున ఒక పఠనమందిరములో కూర్చుండి, తాను చూచివచ్చిన వింతలను చెప్పుచుండగా మేమును వింటిమి. ఆయన ఉక్కు కర్మాగారమున ముప్పదియేండ్లు కొలువు చేసి విశ్రాంతి గైకొన్నవారు. ఉన్నదానికి ఒక్క మాట చేర్చి చెప్పుట యెరుగనివారు. "అయ్యా, ఆ బడిబస్సు చేయి చాపితే ముందువి, వెనుకవి బండ్లన్నీ ఆగిపోవడం నిజమేనండీ!" అని ఆయన పలుకగా చుట్టునున్నవారందరును నవ్విరి. పొడుగుముక్కు గల ఆ పసుపుపచ్చ బండియు, దాని ప్రక్కనుండి రెక్కవలె బయటికి వచ్చు ఎఱ్ఱని పలకయు, దానిని చూచి వీధి వీధియంతయు నిలిచిపోవుటయు సినిమావారు కల్పించిన వేడుకలని ఆయన అంతవరకు నమ్మియుండిరట. మనుమనిని స్వయముగా ఆ బండిలో నెక్కించి, దానియెదుట ఒక పెద్ద లారీ కిక్కురుమనకుండ నిలిచియుండుట చూచిన నాడుగాని ఆయనకు నమ్మకము కుదురలేదు.

నవ్వినవారిలో మేమును ఉంటిమి. కాని యింటికి వచ్చిన పిమ్మట ఆ నవ్వు మాకు రుచింపలేదు. ఏ దేశమునకు మన పట్టణమునుండి, మన జిల్లాలనుండి ఏటేట విమానములు నిండ బిడ్డలను పంపుచున్నామో, ఏ దేశపు వీసాకొరకు చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణములు మ్రొక్కుకొనుచున్నామో, ఆ దేశమువారి నిత్యకృత్యములను గూర్చి మనకు తెలిసినది సినిమాతెర చెప్పినంతయే. అందులో నిజమైనదానిని కల్లయనుకొంటిమి. కల్లయైనదానిని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టితిమి. ఇది నవ్వి విడువదగిన విషయమా?

ముందుగా ఆ బండి సంగతియే చూతము. 1939లో న్యూయార్కు నగరమున కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో ఫ్రాంక్ సైర్ అను ఆచార్యుడు ఆయా రాష్ట్రముల విద్యాధికారులను, బండ్లు చేయువారిని, రంగులు చేయువారిని ఒక్కచోట చేర్చి ఏడు దినములు సభ జరిపెను. అంతకుముందు పల్లెపిల్లలు కొన్నిచోట్ల లారీలలో, కొన్నిచోట్ల గుర్రపుబండ్లలో బడికి పోవుచుండిరి. ఆ సభలో బండి పొడవెంత, నడుమ నడవ వెడల్పెంత అనువానిని నిర్ణయించుటతోపాటు, తెల్లవారుజామున మసకవెలుతురులో నల్లని యక్షరములు ఏ రంగుపై స్పష్టముగా కన్పించునో పరికించి ఈ పసుపురంగును ఎన్నుకొనిరి. ఒక బిడ్డ దిగుచున్నంతసేపు త్రోవలో నిరుప్రక్కల బండ్లు ఆగవలెనని శాసనములు చేసిరి. నడుమ గట్టు గల పెద్దదారులలో మాత్రము ఎదురుప్రక్కవారికి మినహాయింపు గలదు. ఆగనివానిపై జరిమానా వేయుదురు.

మన బడిబస్సులకును మనము పసుపురంగే వేయుచున్నాము. రంగు వచ్చినది; ఆగుట రాలేదు. మద్దిలపాలెము కూడలిలోగాని, గాజువాక దారిలోగాని ఉదయము ఎనిమిది గంటలకు నిలుచుండి చూడుడు. బస్సు దిగిన బిడ్డ రెండు చేతులతో సంచి పట్టుకొని ఎటు పరుగెత్తవలెనో తెలియక నిలుచుండును. వెనుకనుండి హారను మ్రోగుచునే యుండును. ఒక్క ఆటోలో ఎందరు పిల్లలు క్రిక్కిరిసి పోవుదురో లెక్కించుట మా కలమునకు శక్యము కాదు. బిడ్డకొరకు బండి ఆగునన్నచో మన పెద్దమనిషికి పురాణకథవలె తోచినదన్న, తప్పు ఆయనది కాదు.

చిన్నవింతలు పెక్కులు గలవు. వంటింటి తొట్టిక్రింద చెత్తను పిండిచేయు మరయుండుట, దానిలో కరివేపాకు రెబ్బలు, మునగకాడ పిప్పి పడి మన యిల్లాండ్రు కొత్తలో దానిని పాడుచేసికొనుట. అంగడిలో వ్రాసియున్న వెల యొకటి, పన్ను కలిపి చెల్లించునది మరియొకటి యగుట. కొన్న వస్తువును వారములు గడచిన పిమ్మట తిరిగియిచ్చినను మాఱుమాటాడక సొమ్ము వాపసు చేయుట. ఒక్కసారి వెలయిచ్చి పానీయమును ఎన్నిసార్లైన నింపుకొనుట. శౌచవిషయమున నీటికి బదులు కాగితమును వాడుట కట్టుకథయని తలచి పోయిన మన వృద్ధులు మొదటి దినమున పడిన పాట్లను పఠనమందిరములో వర్ణింపగా విననివారు లేరు. పత్రికలో వ్రాయుట మర్యాద కాదు. ఇవన్నియు ఆయా దేశముల అలవాట్లు. వారి చెంబు వారిది, మన చెంబు మనది.

ఐతే ఒక్క వింతకడ ఆగవలసియున్నది. ఐరోపావారు అమెరికాకు పోయి, అచ్చటి బడిపిల్లలు ప్రతి యుదయము జెండా యెదుట నిలిచి రొమ్మున చేయినిడుకొని దేశభక్తిప్రతిజ్ఞ చేయుట చూచి తెల్లబోవుదురు. స్వతంత్రతను నిత్యము జపించు దేశమున పసిబిడ్డలచే దినదినము ప్రమాణము చేయింతురన్నమాట వారికి శత్రువులు పుట్టించిన కల్లగా తోచునట. దాని పుట్టుకయు వింతయే. 1892లో, కొలంబసు సముద్రయానమునకు 400 ఏండ్లు నిండిన సందర్భమున, ఫ్రాన్సిస్ బెల్లమీ అను మతబోధకుడు 'యూత్స్ కంపానియన్' అను పత్రికకొరకు దానిని వ్రాసెను. ఆ పత్రికవారు బడులకు జెండాలనుకూడ అమ్ముచుండిరి. ఆ కొలంబసు బయలుదేరినది మన దేశమును వెదకుటకే గదా! దారితప్పి వేఱొక ఖండమును చేరి, అచ్చటివారిని ఇండియనులని పిలిచినవాని యుత్సవమునకు పుట్టిన ప్రతిజ్ఞ యది. దానిలో దేవుని ప్రస్తావన మొదట లేదు, 1954లో చేర్చిరి. 1942 వరకు పిల్లలు రొమ్మున చేయి యుంచుకొనలేదు. కుడిచేతిని జెండావైపు చాచి చెప్పుచుండిరి. హిట్లరు మనుష్యులును అట్లే చేయి చాచుచుండుటచే, యుద్ధకాలమున సిగ్గుపడి మానుకొనిరి. ఆ కాలపు చాయాపటములను నేడు చూచువారు అవి దొంగపటములని వాదించుచుందురు. కావు, అవి నిజమైనవే.

ఇక మనవాడు పోయినచో ఈ ప్రతిజ్ఞను చూచి ఆశ్చర్యపడనవసరము లేదు. తానును పదియేండ్లు బడిలో చేయి చాచి చెప్పినవాడే. అయినను ఆశ్చర్యపడుచున్నాడు! "వాళ్లకూ మనలాగే ప్రతిజ్ఞ ఉందండీ" అని మన పెద్దమనిషి చెప్పినప్పుడు మేమొక ప్రశ్న వేసితిమి: "మన ప్రతిజ్ఞను వ్రాసినవారెవరు?" మందిరములో ఇరువదిమందికి తక్కువగాకుండ నుండిరి. వారిలో ఇద్దరు ఉపాధ్యాయులు. ఒకరు రవీంద్రుడనిరి, ఒకరు బంకించంద్రుడనిరి, ఒకరు రాజ్యాంగసభవారనిరి. తక్కినవారు మౌనము వహించిరి.

అయ్యలారా, దానిని వ్రాసినవారు పైడిమఱ్ఱి వేంకట సుబ్బారావుగారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి గ్రామమున 1916లో జన్మించిన తెలుగువారు. ఆయన దానిని వ్రాసినది ఢిల్లీలో కాదు, కలకత్తాలో కాదు. ఈ విశాఖపట్టణమున, జిల్లా ఖజానా అధికారిగా కొలువు చేయుచు, చైనాతో యుద్ధము జరిగిన 1962వ సంవత్సరమున. వ్రాసినది తెలుగున. ఆ కాగితమును ఆయన ఈ ఊరి పెద్దయగు తెన్నేటి విశ్వనాథముగారికి చూపగా, వారు దానిని నాటి విద్యామంత్రియు విజయనగర సంస్థానాధీశుల వంశీయులునగు పి. వి. జి. రాజుగారికి చేర్చిరి. 1963లో ఈ పట్టణపు బడిపిల్లలు దానిని మొట్టమొదట చదివిరి. 1964లో బెంగుళూరున ఎం. సి. చాగ్లాగారి యధ్యక్షతను జరిగిన కేంద్ర విద్యాసలహా సంఘము దేశమందలి బడులన్నిట దానిని చెప్పింపవలెనని తీర్మానించెను. 1965 జనవరి 26 నుండి అది ఆసేతుశీతాచలము వ్యాపించెను. తమిళుడు తమిళమున, వంగీయుడు వంగభాషలో, మహారాష్ట్రుడు మరాఠీలో చెప్పుకొనునది మన విశాఖ ఖజానా కచేరీలో తెలుగున పుట్టిన మాటయే. సుబ్బారావుగారు 1988లో స్వర్గస్థులైరి.

బెల్లమీ పేరు అమెరికాలో గ్రంథములకెక్కినది. ఆయన ప్రతిజ్ఞలో ఏ యేటి యే మాట చేర్చిరో, ఏ మాట తీసిరో పండితులు తగవులాడుకొందురు. పిల్లలచే దానిని బలవంతముగా చెప్పింపరాదని 1943లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. మన సుప్రీంకోర్టును 1986లో, జాతీయగీతము పాడునపుడు మర్యాదగా నిలుచుండియు నోరు విప్పని కేరళదేశపు ముగ్గురు పిల్లలను బడినుండి వెడలగొట్టుట తగదని చెప్పెను. ఈ తీర్పులను సమర్థించువారును, నిందించువారును వారిలో గలరు, మనలో గలరు. తాను చెప్పుచున్న మాట యెక్కడిదో తెలిసినవాడే దానిని గూర్చి తగవులాడగలడు. మనము తగవులాడుటకైనను తెలిసికొనలేదు. అమెరికా వింతలను వేల మైళ్లు పోయి కనుగొని వచ్చినవారము, ఊరినడుమ నున్న ఖజానా కచేరీ వింతను కనుగొనలేకపోతిమి.

ఇక కఠినమైన నిజములకు వత్తము. అమెరికాలో భోజనశాలలో వడ్డించువానికి నూటికి పదునైదో ఇరువదియో దక్షిణ యీయవలెనన్న మన పెద్దలు అది కొడుకు గొప్పలకు పోయి చేయు దుబారాయని యనుకొందురు. కాదు. ఆ దేశపు కేంద్రశాసనము ప్రకారము దక్షిణపుచ్చుకొను సేవకునకు యజమాని గంటకు 2 డాలర్ల 13 సెంట్లు ఇచ్చిన చాలును. ఈ మొత్తము 1991 నుండి ఒక్క సెంటైన పెరుగలేదు. దక్షిణ చాలనిచో సాధారణపు కనీసవేతనమునకు, అనగా 7 డాలర్ల 25 సెంట్లకు, యజమాని పూరింపవలెనని శాసనము. కొన్ని రాష్ట్రములు ఇంతకంటె మేలైన చట్టములు చేసికొన్నవి. ఆ యాచారము వేళ్లూనిన దెప్పుడు? 1865లో బానిసత్వము రద్దైన పిమ్మట, విడుదలైన నల్లవారిని రైలుబండ్లలోను పూటకూళ్లిండ్లలోను పనికి పెట్టుకొని, జీతము స్వల్పముగా నిచ్చి, తక్కినది ప్రయాణికుల దయకు వదలినప్పుడు. మన విద్యార్థులు కొందరు చట్టము అనుమతింపకున్నను చాటుమాటుగా ఇట్టి భోజనశాలలలో గిన్నెలు కడుగుచున్నారని అందరికిని తెలియును. తల్లిదండ్రులకు మాత్రము తెలియనట్లుండును.

మన యాడువారు అమెరికాకు పోవుటకు ముఖ్యకారణమేమో చదువరులకు వేఱుగా చెప్పనేల? కూతురికి పురుడు పోయుటకు. ఇంగువ, వాము, కాయపుసరుకులు, ఆవకాయ మూటగట్టుకొని విమానమెక్కిన తల్లి, కూతురు నెలలబిడ్డను విడిచి పనికి పోవుట చూచి గుండె బాదుకొనును. అల్లుడు పిసినారియని తిట్టుకొనును. అది అల్లుని తప్పు కాదు. ప్రైవేటుకొలువులలోని తల్లికి జీతముతో కూడిన ప్రసూతిసెలవు ఈయవలెనను కేంద్రశాసనము ఆ మహాసంపన్నదేశమున లేదు. 1993లో చేసిన చట్టము పండ్రెండు వారములు జీతము లేని సెలవు నిచ్చుచున్నది. అదియు అందరికి లేదు. కాలిఫోర్నియా మొదలైన కొన్ని రాష్ట్రములు తమంత తాము కొంత యేర్పాటు చేసికొన్నవి. మన దేశమున 1961లోనే ప్రసూతిచట్టము వచ్చినది. 2017లో సెలవును 26 వారములకు పెంచిరి. మన చట్టము పొలములో పనిచేయు కూలితల్లికి అందనిదన్నమాట నిజమే; అందునుగూర్చి వేఱొకసారి వ్రాయుదుము. కాని అమెరికాలో ప్రసూతిసెలవు లేదన్న మాట చెప్పినచో మన కళాశాలవిద్యార్థినులు నమ్మరు. 'అంత పెద్ద దేశంలోనా?' అందురు. అంత పెద్ద దేశములోనే.

అట్లు పురుటికి, పిల్లలను పెంచుటకు పోవు పెద్దవారికొక మాట. మనకు తెల్లవారినంతనే సముద్రతీరమున నడచుట అలవాటు. అచ్చటి పేటలలో చాలచోట్ల కాలిదారులుండవు. వీధిలో నడచుమానవుడే వింత. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రమునందలి మాడిసన్ పట్టణమున, మనుమని సాకుటకై గుజరాతునుండి వచ్చిన యొక వృద్ధుడు కుమారుని యింటిముందు వీధిలో నడచుచుండగా, ఎవరో అనుమానించి పోలీసులకు ఫోను చేసిరి. ఇంగ్లీషు రాని ఆ ముసలివానిని ఒక పోలీసు నేలకు విసరికొట్టగా మెడ దెబ్బతిని అవయవములు చచ్చుబడెను. ఆ దృశ్యము పోలీసుబండిలోని కెమెరాలోనే నమోదైనది. రెండుసార్లు జూరీలు ఏకాభిప్రాయమునకు రాలేకపోయిరి. 2016లో న్యాయమూర్తి ఆ పోలీసును విడిచిపెట్టెను. ఈ కథ చెప్పినప్పుడు మన మందిరములో నొకరు, "ఇది నమ్మదగినది కాదు" అనిరి. ఇట్టి నిరాకరణమే మాకు భయము కలిగించుచున్నది.

నిజములను నమ్మనివారము కల్లలనేల నమ్మితిమి? మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమని యొకటి వెలసెను. దానికి ముద్ర యుండెను, వెబ్‌సైటు ఉండెను, రుసుములు పుచ్చుకొను కచేరీ యుండెను. లేనివి రెండే: ఉపాధ్యాయులు, తరగతులు. దానిని నడిపినవారు అమెరికా ప్రభుత్వపు వలసశాఖ రహస్యోద్యోగులే. 2019 జనవరిలో వల లాగిరి. మొదట నిర్బంధింపబడిన విద్యార్థులు 130 మంది. వారిలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు పెక్కురు. విద్యార్థులను చేర్పించిన దళారులపై, ఎనమండుగురిపై, నేరము మోపగా వారు నేరమంగీకరించిరి. వారిలోను మనవారు గలరు! తరగతులు లేవని తెలిసియే చేరిరని ఆ ప్రభుత్వము వాదించినది. గుర్తింపు గల సంస్థయని చూచి మోసపోయితిమని పిల్లలు మొఱపెట్టుకొనిరి. మా యభిప్రాయమేమన, ఇరుప్రక్కల కొంత నిజము గలదు. సర్కారు దొంగబడి పెట్టి పరదేశపు పిల్లలను పట్టుకొనుట రాజధర్మము కాదు. తరగతి లేని బడికి సొమ్ముకట్టి, చదువుపేర పనిచేసికొందమనుకొనుట విద్యార్థిధర్మమును కాదు. కాని ఆ సొమ్ము పంపిన తండ్రి యెవడు? సెంటుభూమి అమ్మినవాడు, బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టినవాడు. ఆయన అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: "నాయనా, నీకు పాఠము చెప్పువారి పేరేమి?" అది అడుగలేదు. అమెరికాలో అబద్ధపు విశ్వవిద్యాలయము, అందును ప్రభుత్వమే పెట్టినది, ఉండునని ఆయన కలలోనైన తలచియుండడు.

2023 జనవరిలో సియాటిల్ నగరమున దారి దాటుచున్న యొక తెలుగు విద్యార్థిని అతివేగముగా వచ్చిన పోలీసుకారు తగిలి మరణించెను. వేఱొక పోలీసు అధికారి ఆమె ప్రాణమునకు విలువ తక్కువయని నవ్వుచు ఫోనులో మాటలాడెను. ఆ మాటలు అతని వంటిమీది కెమెరాలోనే నిలిచెను. 2024లో అతనిని కొలువునుండి తీసివేసిరి. బడిపిల్లకొరకు లారీ ఆగు దేశమును ఇదియే, ఈ నవ్వు నవ్విన దేశమును ఇదియే. రెండును నిజములు. ఒకదానిని చూచి దణ్ణము పెట్టువాడును, రెండవదానిని చూచి ఉమ్మివేయువాడును ఆ దేశమును సగమే చూచినవాడు.

మాపై కోపించువారు కొందరుందురు. "అమెరికాకు పోయినవారు బాగుపడలేదా? మన ఆంధ్రవైద్యకళాశాలలో చదివినవారు అచ్చట పేరుగాంచలేదా?" అని అడుగుదురు. బాగుపడిరి, మాకును సంతోషమే. కాని మన యల్లాప్రగడ సుబ్బారావుగారెట్లు బాగుపడిరో వినుడు. భీమవరమున పుట్టిన ఆయన 1923లో మామగారి సాయముతో బోస్టన్ నగరము చేరి, పగలు చదువుకొనుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు తీయు పనిచేసి పొట్టపోసికొనిరి. హార్వర్డువారు ఆయనకు శాశ్వతమైన కొలువు నీయలేదు. 1948లో మరణించు వరకు ఆయన అమెరికా పౌరుడు కాలేదు. ఈ కథను ఎరిగి పోవు కుఱ్ఱవాడు గట్టివాడు. వానిని మేమాపము.

వారికి మనలను గూర్చిన భ్రమలు తక్కువా? 1927లో క్యాథరీన్ మేయో అను అమెరికా స్త్రీ మన దేశమును చుట్టివచ్చి 'మదర్ ఇండియా' అను గ్రంథమును వ్రాసినది. గాంధీమహాత్ములు దానిని మురుగుకాలువల పరీక్షాధికారి నివేదికతో పోల్చిరి. ఆమె చూచిన మురుగు కొంత నిజమేననియు ఆయన కాదనలేదు. మురుగుతప్ప వేఱేమియు చూడకుండుటయే దోషమనిరి. పరదేశమునకు పోవు ప్రతివానికి ఈ కొలబద్ద చాలును. మనవారు మేయోకు తలక్రిందుగా చేయుచున్నారు: మురుగుతప్ప తక్కినదంతయు చూచి వచ్చుచున్నారు.

ఉక్కునగరవాసులు గనుక మరియొక సంగతి చెప్పుదుము. అమెరికాలో ఊరూర ఉచిత గ్రంథాలయముండునన్న మాటను మనవారు నమ్మరు. పోయి చూచి నమ్ముదురు. ఎవరైన లోనికి పోవచ్చును, పుస్తకములు ఇంటికి తెచ్చుకొనవచ్చును. వానిలో సుమారు 1,700 గ్రంథాలయములను కట్టించినది ఉక్కువ్యాపారి ఆండ్రూ కార్నెగీ. బెల్లమీ ప్రతిజ్ఞ వ్రాసిన 1892లోనే, హోంస్టెడ్ అను ఊరిలోని ఆ కార్నెగీగారి యుక్కు కర్మాగారమున జీతముల తగవుపై కార్మికులకును, యాజమాన్యము దింపిన ప్రైవేటు సాయుధులకును కాల్పులు జరిగి ఇరుపక్షముల మనుష్యులు చచ్చిరి. కార్మికుల సంఘము విరిగిపోయెను. గ్రంథాలయపు మెట్లెక్కునపుడు ఆ సొమ్మెక్కడిదో అచ్చటి కార్మికులు కొందరు అడిగిరట. మనకు ఉక్కు వచ్చినది ఒక వ్యాపారి దయచే కాదు. 1966లో ఆందోళనమున 32 మంది ప్రాణములు పోగా వచ్చినది. గ్రంథాలయములును అట్లే, 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలైనవారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించి, ఊరూర తిరిగి, పిడికెడు బియ్యమువంటి విరాళములతో నిలిపినవి. నేడు మన పఠనమందిరములలో కుర్చీలు విరిగియున్నవి, పత్రికలు ఆలస్యముగా వచ్చుచున్నవి. అమెరికా గ్రంథాలయమును మెచ్చుకొని వచ్చినవారిలో ఎందరు ఈ మందిరమునకు నెలచందా కట్టుచున్నారో కార్యదర్శిగారి పుస్తకము చెప్పగలదు.

ఇప్పుడీ విషయములన్నియు మనకేల యన, అమెరికా మన యింటికే వచ్చుచున్నది. తొలిసారి కాల్టెక్సువారి నూనెశుద్ధి కర్మాగారముగా 1957లో వచ్చినది. దానిని మన ప్రభుత్వము 1976లో స్వాధీనము చేసికొనెను. 2025 అక్టోబరులో గూగుల్ కంపెనీవారు విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో గణనకేంద్రమును కట్టెదమని ప్రకటించిరి. దానికి కొన్ని వారముల ముందు, సెప్టెంబరులో, అమెరికా యధ్యక్షుడు కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తునకు లక్ష డాలర్ల రుసుము విధించెను. మీ పిల్లలు మా యింటికి రావలదు, మా యంత్రములు మీ యింటికి వచ్చునని దీని భావమని మేము గ్రహించితిమి. యంత్రములు రానిండు. కాని ఆ యంత్రములకు కావలసిన విద్యుత్తెంత, నీరెంత, భూమి యేయే షరతులపై, స్థిరమైన కొలువులెన్ని యని లెక్కలడుగు హక్కు ఈ యూరివారికి గలదు. ఫార్మింగ్టనులో తండ్రి అడుగని ప్రశ్నవంటిదే యిది.

కావున మేమడుగునవి రెండు. విశాఖ బడులన్నిట, ప్రతిజ్ఞ చెప్పించునపుడు దానిని వ్రాసినవారి పేరును, అది పుట్టిన యూరి పేరును పిల్లలకు చెప్పవలెను. జిల్లా ఖజానా కచేరీ గోడపై ఆ పేరు గల పలక చదువరులకు కన్పించునట్లు ఉండవలెను. రెండవది, పఠనమందిరముల కార్యదర్శులు నెలకొకసారి అమెరికానుండి వచ్చినవారిని పిలిచి, వింతలు మాత్రమే కాక జీతములు, అద్దెలు, ఆసుపత్రి ఖర్చులు, పోలీసుల తీరు, చట్టములు ఉన్నవున్నట్లు చెప్పించి, పోదలచిన విద్యార్థులను, వారి తండ్రులను ముందువరుసలో కూర్చుండబెట్టవలెను. దళారులను వెనుకవరుసలోనైన రానీయవలదు.

మన పెద్దమనిషి వచ్చు ఆదివారము సాయంకాలము ఆరు గంటలకు మరల వచ్చుటకు ఒప్పుకొన్నారు. ఆయనకు అచ్చట కడుపునొప్పి వచ్చి ఒక్క రాత్రి ఆసుపత్రిలో నుండవలసివచ్చినదట. మన కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నుండి బీదలకు చీటి వ్రాయుచున్నది. ఆ రాత్రికి అమెరికా ఆసుపత్రివారు వ్రాసిన చీటిని ఆయన భద్రముగా దాచి తెచ్చిరి. దానిని అందరియెదుట చదివి వినిపింతురు. బల్లలు చాలవు, చాపలు తెచ్చుకొనుడు.